రాష్ట్రం అంచున ఆగిపోయే నక్షా

పర్లాకిమిడిలో ఉంటూ పాతపట్నం వైపు కూడా పొలం ఉన్న కుటుంబానికి రెండు రికార్డులు ఉంటాయి. ఒకటి ఒడియాలో, డెసిమల్ లెక్కన. ఇంకోటి తెలుగులో, సెంట్ల లెక్కన. డెసిమల్ అన్నా సెంటు అన్నా ఎకరంలో నూరో వంతే కాబట్టి విస్తీర్ణం దగ్గర పేచీ రాదు. పేచీ నక్షా దగ్గర వస్తుంది. రెండు పొలాలూ ఒకే వాగు ఒడ్డున ఉన్నా, ఆ వాగును మధ్యలో పెట్టి రెండు వైపులా చూపించే కాగితం ఏ ఆఫీసులోనూ దొరకదు. గజపతి జిల్లా నక్షా రాష్ట్ర సరిహద్దు గీత దగ్గర ఆగిపోతుంది, అవతల తెల్ల కాగితం. శ్రీకాకుళం జిల్లా నక్షా అటు నుంచి వచ్చి అదే గీత దగ్గర ఆగుతుంది. రెండింటినీ కంప్యూటర్‌లో పక్కపక్కన పెడితే మధ్యలో సందైనా కనిపిస్తుంది, లేదా ఒకదాని మీదికి ఇంకోటైనా ఎక్కుతుంది.

మహారాష్ట్ర వైపు కొలత కూడా మారుతుంది. ఆదిలాబాద్‌లో ఎకరం, గుంట. కిన్వట్‌లో హెక్టారు, ఆర్. ఇక్కడ పట్టాదారు పాస్‌బుక్, అక్కడ సాత్‌బారా. ఇక్కడ సర్వే నంబరు, అక్కడ గట్ నంబరు. కొలతలు మార్చుకోవడం చిన్న లెక్క, ఏ మొబైల్ అయినా చేసి పెడుతుంది. హద్దును హద్దుతో కలపడం మాత్రం ఇద్దరు అధికారులు కూర్చుంటే తప్ప జరగదు. వాళ్లిద్దరినీ కూర్చోబెట్టే బాధ్యత ఎవరిదో ఏ చట్టంలోనూ స్పష్టంగా లేదు.

భౌగోళిక సమాచారాన్ని పంచుకోవడానికి దేశానికి ఇప్పుడు ఒక విధానమంటూ ఉంది. 2022 డిసెంబరు 28న కేంద్రం జాతీయ జియోస్పేషియల్ విధానాన్ని నోటిఫై చేసింది. 2030కల్లా దేశమంతటికీ సూక్ష్మమైన టోపోగ్రాఫిక్ సర్వే, అంటే నేల ఎత్తుపల్లాల సర్వే, 2035కల్లా భూగర్భంలోని పైపులూ కేబుళ్ల నక్షాలు, పెద్ద నగరాలకు డిజిటల్ ట్విన్‌లు, అంటే కంప్యూటర్‌లో నగరం నకళ్లు, అని అందులో లక్ష్యాలు రాశారు. స్టార్టప్‌లు, ప్రైవేటు పెట్టుబడి, ఎగుమతులు అన్న మాటలు పేజీ పేజీకీ కనిపిస్తాయి. సమాచారాన్ని అమ్ముడుపోయే సరుకుగా చూడటంలో తప్పు లేదు, దానికి మార్కెట్ ఉంది. అయితే ఈ విధానం పనిచేస్తుందో లేదో తేలేది బెంగళూరు కంపెనీల్లో కాదు. సిరోంచ, ధర్మాబాద్, గుణుపురం, పర్లాకిమిడి లాంటి సరిహద్దు పట్టణాల్లో ఒక ప్రభుత్వ ఆఫీసు తన పక్క రాష్ట్రం ఆఫీసుకు నక్షా ఇస్తుందా లేదా అన్న దగ్గరే అది తేలుతుంది. ఇప్పటికైతే ఆ ప్రశ్నను విధానం పైపైన తాకి వదిలేసింది.

దాచిపెట్టే అలవాటు

ఈ దేశంలో నక్షా పుట్టిందే సైన్యం చేతిలో. సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఈస్టిండియా కంపెనీ అవసరాల కోసం మొదలైంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్తూ లాంబ్టన్ 1823లో కన్నుమూసింది తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దుకు ఎంతో దూరం కాని హింగన్‌ఘాట్‌లోనే. ఆ కొలతల ఖచ్చితత్వం ఈ రోజుకీ ఆశ్చర్యపరుస్తుంది. వాటితోపాటు వారసత్వంగా వచ్చిన గోప్యత మాత్రం స్వాతంత్ర్యం తర్వాత కూడా వదల్లేదు. దేశ సరిహద్దు నుంచీ సముద్ర తీరం నుంచీ సుమారు 80 కిలోమీటర్ల లోపలి పట్టీ టోపోషీట్లను (ఎత్తుపల్లాలు చూపే నక్షాలను) దశాబ్దాల పాటు నిషిద్ధ జాబితాలో ఉంచారు. గంజాం, గజపతి, శ్రీకాకుళం ప్రాంతాల్లో చాలా భాగం ఆ పట్టీలోనే పడింది. బరంపురంలో ఒక భూగోళ శాస్త్రం లెక్చరర్‌కు సొంత జిల్లా టోపోషీట్ కావాలన్నా అనుమతి పత్రాలు నడపాల్సిన కాలం అది.

2005 జాతీయ నక్షా విధానంతో కొంత సడలింపు వచ్చింది. రక్షణ శాఖ కోసం ఒక వరుస, జనం కోసం ఇంకో వరుస అని విడదీసి, రెండోదాన్ని డబ్ల్యూజీఎస్-84 అనే అంతర్జాతీయ ఆధారం మీద, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టే ప్రమాణం మీద, గీశారు. మామూలు జీపీఎస్ వాడేదీ దీన్నే. అంతకుముందు నక్షాలు ఎవరెస్ట్ అనే పాత ఆధారం మీద ఉండేవి. ఈ రెండింటి అక్షాంశ రేఖాంశాల మధ్య తేడా పదుల మీటర్లు, ఒక్కోచోట వందల మీటర్లు. పాత షీట్ మీద చూసిన అంకెలను నేరుగా ఫోన్‌లో కొడితే చెరువు కాస్తా పక్క ఊళ్లో తేలుతుంది.

2012లో ప్రభుత్వ డేటా పంపిణీకి సాధారణ విధానం వచ్చింది. 2017లో, సర్వే ఆఫ్ ఇండియా 250 ఏళ్ల వేళ, టోపోషీట్లను ఉచితంగా దింపుకోనిచ్చారు. ఆధార్‌తో లాగిన్ అయితే రోజుకు మూడు. రేషన్ అంతకన్నా సరళం. మధ్యలో 2016లో ఒక ముసాయిదా బిల్లు వచ్చి అందరినీ హడలగొట్టింది. అనుమతి లేకుండా భౌగోళిక సమాచారం సేకరిస్తే కోటి నుంచి వంద కోట్ల వరకూ జరిమానా, ఏడేళ్ల దాకా జైలు అని అందులో ఉంది. అక్షరాలా అమలు చేస్తే లొకేషన్ పెట్టి పెళ్లి ఫొటో పంపినవాళ్లు కూడా దోషులే. వ్యతిరేకత వెల్లువెత్తింది, బిల్లు చట్టం కాలేదు.

2021 ఫిబ్రవరి 15న వచ్చిన మార్గదర్శకాలు పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచాయి. ముందస్తు అనుమతులు, లైసెన్సులు ఎత్తేశారు. అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కన్నా సూక్ష్మమైన డేటాను భారతీయ సంస్థలే తయారుచేయాలన్న షరతు ఒకటి మిగిలింది. అయిదేళ్ల కింద జైలు అన్న పనికి ఇప్పుడు పిలిచి మరీ ప్రోత్సాహం! ఇంత పెద్ద మలుపు మన పాలనలో అరుదు, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఆ మార్గదర్శకాల మీదనే 2022 విధానం నిలబడింది.

తలుపు తీసింది కేంద్రం, సరుకు ఉన్నది రాష్ట్రాల దగ్గర

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో సర్వే ఆఫ్ ఇండియా కేంద్ర జాబితాలో ఉంది. భూమి, భూ రికార్డులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. నీళ్లు కూడా, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణను మినహాయిస్తే, రాష్ట్రాలవే. కేంద్రం ఎంత ఉదారంగా తలుపులు తీసినా రైతుకు అక్కరకొచ్చే నక్షా మహారాష్ట్రలో తలాఠీ అనే గ్రామ రెవెన్యూ ఉద్యోగి దగ్గరో, ఒడిశా రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ) ఆఫీసులోనో, తెలంగాణ తహసీల్దారు దగ్గరో ఉంటుంది. వాళ్లలో ఎవరూ ఈ విధానం కింద కేంద్రానికి జవాబుదారీ కాదు.

పైగా ఆ గ్రామ నక్షాలు పుట్టిన తీరే వేరు. ఒడిశాలో చాలాచోట్ల వాటిని మైలుకు 16 అంగుళాల స్కేలులో గీశారు. పాత మద్రాసు పద్ధతి నడిచిన చోట ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో కొలతల పటం (ఎఫ్‌ఎంబీ). గొలుసు పట్టి కొలిచి, ఊరిని ఊరిగా గీసుకున్నారే తప్ప భూగోళం మీద ఆ ఊరు ఎక్కడుందన్నది అప్పటి గుమాస్తాకు అక్కర్లేని సంగతి. శిస్తు వసూలుకు అది చాలు. ఇప్పుడు వాటిని స్కాన్ చేసి, అక్షాంశ రేఖాంశాలకు అతికించి, ప్రతి కమతానికీ 14 అంకెల భూ ఆధార్ ఇస్తున్నారు. ఏ రాష్ట్రానికా రాష్ట్రం తన లోపలి ఊళ్లను ఒకదానికొకటి అతికించుకుంటోంది. చిట్టచివరి ఊళ్లకు అవతల పక్క అతికేది పరాయి రాష్ట్రం ఊరు. అక్కడ పొరపాటు జరిగితే చూసేవాళ్లుండరు.

పాలనా హద్దులు మారడం ఈ సమస్యను ముదరబెట్టింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అటు వెళ్లాయి. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రం విడిపోయినప్పుడు నాందేడ్, కిన్వట్, రాజురా బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. జనం భాష ఒక్కరోజులో మారలేదు, చుట్టరికాలు తెగలేదు. రికార్డులు మాత్రం అక్కడి నుంచి రెండు వేర్వేరు శాఖల్లో, రెండు వేర్వేరు లిపుల్లో పెరిగాయి.

మీటరు మీద నడిచే తగాదాలు

ఈ జిల్లాల్లో భౌగోళిక సమాచారం విలువ తెలియాలంటే నది దగ్గరికే వెళ్లాలి. ధర్మాబాద్ దగ్గర గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ ప్రాజెక్టు గొడవ తెలుగువాళ్లకు కొత్త కాదు. శ్రీరాంసాగర్ జలాశయం నీళ్లు వెనక్కి ఎక్కడిదాకా నిలుస్తాయి, ఆ ముంపు ప్రాంతంలో బాబ్లీ ఉందా లేదా, ఉంటే ఎన్ని నీళ్లు ఎవరి లెక్కలోకి వస్తాయి అన్నదే అసలు ప్రశ్న. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బాబ్లీ నిల్వ 2.74 టీఎంసీలు. జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. ఏటా మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. అమలు చూడటానికి ఒక పర్యవేక్షక కమిటీ కూడా ఏర్పడింది. శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టాన్ని తెలంగాణలో ఇప్పటికీ 1091 అడుగులనే అంటారు, ఎగువన లెక్కలు మీటర్లలో నడుస్తాయి. రెండు వైపులా ఆ మట్టాన్ని ఒకే నేల నమూనా మీద పరిచి చూపించే పటం జనం చేతిలో ఉంటే వాదన ఆగిపోయేదని ఎవరూ అనరు. కనీసం దేని గురించి వాదిస్తున్నామో రెండు ఒడ్లకూ తెలిసేది.

ప్రాణహిత మీద తుమ్మిడిహెట్టి సంగతి ఇంకా తేటగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 152 మీటర్ల ఎత్తున బ్యారేజీ అంది, మహారాష్ట్ర తమ భూములు మునుగుతాయంది. 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర ఒప్పందం 148 మీటర్ల దగ్గర కుదిరింది. అదే ఒప్పందంలో మేడిగడ్డకు 100 మీటర్లు. అంటే తుమ్మిడిహెట్టి రాజకీయమంతా నాలుగు మీటర్ల చుట్టూ తిరిగింది. ఇప్పుడు ఆ మట్టానికి తన పొలం మునుగుతుందో లేదో సొంతంగా చూసుకోవాలని మహారాష్ట్ర ఒడ్డున ఒక రైతు కొడుకు అనుకున్నాడనుకుందాం. అతనికి ఉచితంగా దొరికేది ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లోని కార్టోశాట్ ఉపగ్రహం ఎత్తుల నమూనా. దాని నిలువు ఖచ్చితత్వం సుమారు ఎనిమిది మీటర్లు. నాలుగు మీటర్ల తగాదాను ఎనిమిది మీటర్ల అటూఇటూ ఉన్న డేటాతో తేల్చలేం. అసలైన లెవెల్స్, కాంటూర్లు ప్రాజెక్టు ఇంజినీర్ల దగ్గర ఉంటాయి. వాటిని ముంపు బాధితులకు అడక్కుండా ఇవ్వాలని ఏ విధానమూ చెప్పలేదు. సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అడిగినవాడికి మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో నాలుగు జెరాక్సు కాగితాలు రావచ్చు. వాటితో ఏ కంప్యూటరూ లెక్క కట్టదు.

మేడిగడ్డ బ్యారేజీ వెనక నీటికి తమ భూములు మునిగాయని మహారాష్ట్ర వైపు సిరోంచ రైతులు ఆందోళనలు చేశారు. 2022 జులైలో గోదావరి వరద వచ్చి భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటినప్పుడు ఎగువన ఈ ఒడ్డు కూడా మునిగింది. ఎంత ముంపు వరద వల్ల, ఎంత బ్యారేజీ వల్ల అన్నది పరిహారానికి కీలకమైన ప్రశ్న. జవాబు చెప్పాలంటే బ్యారేజీకి ముందు నేల ఎలా ఉండేది, గేట్లు ఏ గంటకు ఎన్ని ఎత్తారు, నీటిమట్టం ఎంత అన్న మూడూ కావాలి. నేల లెక్క ఒక రాష్ట్రం దగ్గర, గేట్ల లెక్క ఇంకో రాష్ట్రం దగ్గర, నది మట్టం కేంద్ర జల సంఘం దగ్గర ఉంటాయి. గోదావరి, వంశధార డేటా రహస్య జాబితాలోది కూడా కాదు. కేంద్ర జల విధానం ప్రకారం గోప్యత వర్తించేది సింధు, గంగ, బ్రహ్మపుత్ర వంటి దేశ సరిహద్దు దాటే నదులకు. ఇక్కడ అడ్డంకి చట్టం కాదు, అలవాటు.

ఒడిశా వైపు వంశధారది ఇంకో తరహా. నది ఒడిశా కొండల్లో పుట్టి, గుణుపురం, కాశీనగర్ మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి వస్తుంది. ఆంధ్ర కట్టాలనుకున్న నేరడి బ్యారేజీకి అవతలి ఒడ్డున కావాల్సిన భూమి 106 ఎకరాలు. దాని మీద ట్రిబ్యునల్ దాకా వెళ్లిన వ్యవహారం 2017లో తుది నివేదిక వచ్చాక కూడా ఒక కొలిక్కి రాలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా బరఘరా దగ్గర కొండచరియలు విరిగి జనం చనిపోయారు. అదే వాన వంశధారలో కిందికి వచ్చి శ్రీకాకుళం ఊళ్లను ముంచింది. కొండ మీద వాన ఎంత పడిందో, ఏ వాగు ఎంత పారుతోందో ఎగువ జిల్లా నుంచి దిగువ జిల్లాకు నేరుగా, యంత్రం నుంచి యంత్రానికి చేరే ఏర్పాటు కోసం 2030 దాకా ఆగాల్సిన పని లేదు. అంత ఖర్చూ కాదు.

గీత ఎవరిది

కొటియా ఊళ్ల దగ్గర ఈ విధానానికి అసలు ఇబ్బంది ఎదురవుతుంది. కోరాపుట్ జిల్లా పొట్టంగి, మన్యం జిల్లా సాలూరు మధ్య ఉన్న ఈ కొండ గ్రామాల్లో 21 ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర దశాబ్దాలుగా అంటున్నాయి. కేసు 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021లో ఆంధ్ర అక్కడి మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెట్టడంతో మళ్లీ కోర్టు మెట్లెక్కింది. చంద్రపూర్ జిల్లా జీవతి తాలూకా, ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం మధ్య పరందోలి, ముకదంగూడ వంటి 14 ఊళ్లలో ఇద్దరు సర్పంచులు, రెండు బడులు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓటర్ కార్డులు. రెండు వైపుల పథకాలూ వస్తాయి కదా అని పట్నంలో నవ్వుకుంటారు. ఆ ఊళ్లలో అటవీ భూమి పట్టా అడిగితే ఏ రాష్ట్రం ఇవ్వాలో తేలదన్నది నవ్వులాటలో మరుగున పడుతుంది.

2021 మార్గదర్శకాల ప్రకారం దేశ, రాష్ట్ర సరిహద్దులకు సర్వే ఆఫ్ ఇండియా గీతే ప్రమాణం. ఏ ప్రైవేటు నక్షా అయినా దాన్నే వాడాలి. దేశ సరిహద్దు విషయంలో ఇది సబబే. రాష్ట్రాల మధ్య నలుగుతున్న చోట మాత్రం ఒక్క గీత చూపించి వివాదమే లేదన్నట్టు నటించడం ఎవరికీ మేలు చేయదు. ఈ రాష్ట్రం చెప్పే హద్దు ఇది, ఆ రాష్ట్రం చెప్పే హద్దు ఇది అని రెండు పొరలుగా ప్రచురించడం సాంకేతికంగా అరగంట పని. రాజకీయంగా కష్టమే. అయినా అలా చేస్తే వంద ఇళ్ల ఊరిని రెండు శాఖల లెక్కల్లో రెండుసార్లు కూడటమో, అసలు వదిలేయడమో తగ్గుతుంది.

విధానంలో ఇంకో వాక్యం ఈ జిల్లాలవాళ్లు జాగ్రత్తగా చదవాలి. 2030 సర్వేలో పట్టణాలకు, గ్రామాలకు 5 నుంచి 10 సెంటీమీటర్ల స్పష్టత అంటున్నారు. అడవులకు, బంజర్లకు 50 నుంచి 100 సెంటీమీటర్లు. ఖర్చు చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ గడ్చిరోలిలో మూడింట రెండు వంతులకు పైగా అడవే. మల్కన్‌గిరి, కోరాపుట్, రాయగడ కొండల్లో పోడు భూములున్నది కాగితం మీద అడవిలోనే. 2006 అటవీ హక్కుల చట్టం కింద సాగు హద్దులు తేలాల్సింది అక్కడే. ఊరి మధ్య ఇంటి స్థలానికి స్వామిత్వ పథకం డ్రోను ఎగురుతుంది. కొండ మీద ఎకరం చెక్కకు పదింతలు మసకబారిన బొమ్మ మిగులుతుంది. హక్కుల పని పెండింగులో ఉన్న అడవి గ్రామాలను ఆ రెండో వర్గం నుంచి తప్పించాలి.

యూరప్ 2007లో ఇన్‌స్పైర్ అనే ఆదేశం తెచ్చినప్పుడు పర్యావరణం, నదులు, వరదలు దేశాల సరిహద్దు దగ్గర ఆగవన్న చోటు నుంచి మొదలుపెట్టింది. 34 రకాల సమాచారాన్ని ఒకే నమూనాలో ఇవ్వాలని, సరిహద్దుకు అటూఇటూ నక్షాలు కలవాలని సభ్య దేశాలను చట్టంతో కట్టేసింది. అమలు ఏళ్ల తరబడి సాగింది, అన్నిచోట్లా సమానంగా జరగలేదు. అయినా వేర్వేరు దేశాలకే అంచులు కలపడం విధి అయినప్పుడు, ఒకే దేశంలోని రెండు జిల్లాలకు దాన్ని మర్యాదగా అడగాల్సిన విషయంగా వదిలేయడం వింతే.

కేంద్రం చేతిలో చట్టం లేకపోయినా డబ్బుంది. భూ రికార్డుల ఆధునీకరణకు నిధులు కేంద్రానివే. 2024 బడ్జెట్‌లో గ్రామ నక్షాల డిజిటలీకరణకు, భూ ఆధార్‌కు రాష్ట్రాలకు ప్రోత్సాహకాలు ప్రకటించారు, 2025లో జాతీయ జియోస్పేషియల్ మిషన్ వచ్చింది. ఆ నిధుల చివరి వాయిదాను ఒక షరతుకు ముడిపెట్టవచ్చు: సరిహద్దు తాలూకాల నక్షాలు పక్క రాష్ట్రం నక్షాతో కలిశాయని ఇద్దరు అధికారులూ సంతకం చేయాలి, కలవని చోట ఎందుకు కలవలేదో రాయాలి. ఊరు పేరును తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా, ఇంగ్లిష్‌లో మూడు రకాలుగా రాసే చోట పేరుతో కాక కేంద్ర గ్రామ కోడ్‌తో రికార్డులు కలపాలి. యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇందులో అక్కర్లేదు. హద్దు, విస్తీర్ణం, నేల రకం, నీటి వనరు చాలు. భద్రత పేరుతో అభ్యంతరం వస్తుంది. సైనిక స్థావరాల విషయంలో అది నిజమే. కానీ ఒక చెరువు అలుగు ఎత్తు, ఒక వాగు వంతెన కింద నీటి మట్టం దాచి దేశాన్ని ఎవరి నుంచి కాపాడుతున్నారో చెప్పాల్సిన పూచీ దాచేవాళ్ల మీద ఉండాలి. ఇప్పుడు అడిగేవాళ్ల మీద ఉంది.

దేశమంతా ఒకేసారి చేయనక్కర్లేదు. గుణుపురం నుంచి గొట్టా బ్యారేజీ దాకా వంశధార ఒక ముక్క, సిరోంచ నుంచి కాళేశ్వరం ఒడ్డు దాకా గోదావరి ఇంకో ముక్క తీసుకుంటే మొదటి రెండేళ్లకు పని సరిపోతుంది. సర్వే కాంట్రాక్టు రాష్ట్రాలవారీగా కాక నది ముక్కకు ఒకటిగా ఇవ్వాలి. లేదంటే ఇద్దరు కాంట్రాక్టర్లు చెరో ఒడ్డూ కొలిచి, నది మధ్యలో మళ్లీ అదే సందు మిగిలిస్తారు.